రోజలిన్ నంబరు

ఫ్లెక్సీలు వచ్చి నా నోట్లో మట్టి కొట్టకపోతే నేను రోజలిన్‌ని చూసేవాణ్ణే కాదు. అనకాపల్లి మెయిన్ రోడ్డులో బట్టల కొట్లకీ, బెల్లం కమీషన్ దుకాణాలకీ, డాక్టర్లకీ బోర్డులు రాసిన చెయ్యి ఇది. ప్రతి బోర్డుకీ కింద ఓ మూల ‘నూకరాజు ఆర్ట్స్’ అని చిన్న సంతకం పెట్టేవాణ్ణి. బోర్డు ఎవరిదైనా ఆ మూల మాత్రం నాది. కంప్యూటర్లో నొక్కితే మొహాలతో సహా గుడ్డ బయటికొచ్చే మిషను ఊళ్లోకి దిగాక నా కుంచె ఎండిపోయింది. ఇంట్లో కూర్చుని ఏడవడం నా వల్ల కాదు. హైవే పక్కన త్రినాధరావుగారి ఫ్యాబ్రికేషన్ షాపులో పెయింటరుగా చేరాను. ఇనుప బుట్టలకి పసుపు రంగు వేయాలి, దానిమీద నల్లటి అక్షరాలు దించాలి. సంతకం లేదు.

బుట్ట అంటే కూరల బుట్ట అనుకునేరు. కాకినాడ అవతల సముద్రంలో గ్యాసు పడిందని పేపర్లు ఊదరగొడుతున్న రోజులవి. నడిసముద్రంలో బావి తవ్వేవాళ్లకి పైపు ముక్క నుంచి మందు డ్రమ్ము దాకా ఏది కావాలన్నా ఒడ్డునుంచే పోవాలి. పడవ మీద వెళ్లిన సరుకుని క్రేను పైకి లాగుతుంది. పడవ ఒక పక్కకి, క్రేను ఒక పక్కకి, గాలి తన ఇష్టం వచ్చిన పక్కకి ఊగుతుంటాయి. విడివిడిగా కడితే సరుకు సముద్రం పాలు. అందుకే ఇనుప బుట్ట. ఆఫ్‌షోర్ కార్గో బాస్కెట్ అని దాని అసలు పేరు. మా షాపులో ఎవరికీ అంత పేరు పిలిచే తీరిక లేదు.

సరుకుని బట్టి బుట్ట. పైపులకైతే పొడుగ్గా, సన్నగా. డ్రమ్ములకీ వాల్వులకీ అయితే పొట్టిగా, వెడల్పుగా. అడుగున చిల్లులుండాలి. లేకపోతే అల కొట్టిన నీళ్లు లోపలే నిలిచిపోయి, క్రేను సరుకుతో పాటు సముద్రాన్ని కూడా మోయాల్సి వస్తుంది. పసుపు రంగు ఎందుకంటే వానలోనైనా కనబడాలి కనక. నాలుగు మూలలా అరచేతి మందం ఉక్కు పలకలు నిలబెట్టి, వాటికి కన్నం పెట్టి, ఆ కన్నాల్లో ఇనప తాళ్లు తగిలిస్తారు. నాలుగు తాళ్లూ పైన ఒక పెద్ద రింగులో కలుస్తాయి. ఆ రింగు నుంచి అయిదో తాడు ఒకటి వేలాడుతుంది, మనుషులు బుట్ట ఎక్కకుండా కిందనుంచే కొక్కేనికి తగిలించుకోవడానికి. ఆ మూల పలకల్ని మేం చెవులు అంటాం. బుట్ట ప్రాణమంతా ఆ చెవుల్లోనే ఉంటుంది. మిగతా బుట్టలో ఎక్కడ అతుకు ఊడినా సరుకు పోతుంది. చెవి ఊడితే మనిషి పోతాడు.

అందుకే చెవులు ఎవరు పడితే వాళ్లు అతికించకూడదు. ఇన్‌స్పెక్టరు ఎదుట ప్లేట్లు అతికించి, వాటిని కోసి వంచినా పగలకుండా నిలిచిన వెల్డరుకే ఆ పని. అలా పాసైనవాడికి ఒక కార్డూ, దానిమీద ఒక నంబరూ ఇస్తారు. చెవి అతికించి అది చల్లారాక పక్కన ఆ నంబరు పంచ్‌తో కొట్టాలి. నేను రంగు వేసేముందు ఆ అంకె మీద గ్రీజు పూసి, రంగు ఆరాక తుడిచేస్తాను. రంగు దేన్నైనా కప్పుతుంది గానీ ఆ అంకెని కప్పకూడదని రూలు.

మా షాపులో మూడో నంబరు పైడిరాజుది. మూడో నంబరు పని రోజలిన్‌ది. గొడవంతా ఇక్కడే ఉంది.

రోజలిన్ తండ్రి యేసుదానం ఈ చుట్టుపక్కల పేరున్న పెనాల మేస్త్రి. బెల్లం వండే పెనం పగిలిందంటే కోటవురట్ల నుంచి కూడా బండికెత్తి ఆయన దగ్గరికే తెచ్చేవారు. కొడుకు బెన్‌హర్‌కి ఆ పొగా మంటా పడలేదు. కూతురు మాత్రం లంగా ఓణీ వేసుకునే వయసులోనే వెల్డింగు నల్లద్దం పట్టుకుని తండ్రి పక్కన కూర్చుంది. ఆయన రెండు విద్యలు నేర్పాడు. ఒకటి, అతికిన చోట ఒకవైపు సుద్ద పూసి, రెండోవైపు కిరసనాయిలు రాయడం. ఎక్కడైనా వెంట్రుకంత పగులుంటే తెల్లటి సుద్ద మీద నల్లగా గీత తేలుతుంది. రెండోది, వేడి మీదున్న అతుకు మీద తడిగోనె కప్పడం. పెనం రేకు పల్చన కాబట్టి వేడికి వంకర పోతుంది. తడిగోనె వేస్తే బుసబుసమని ఆవిరి లేచి రేకు బుద్ధిగా పడుకుంటుంది. ఆయన పోయాక పెనాల పనీ తగ్గిపోయింది. బెన్‌హర్ సరుకు పడవ మీద డెక్కు పనికి పోయాడు. రోజలిన్ మా షాపులో గ్రైండింగు హెల్పరుగా చేరింది. ఆటో నడిపే మొగుడు పొద్దున్నే గేటు దగ్గర దింపిపోయేవాడు.

మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆదివారం చర్చిలో ఆవిడ పాట అందుకుంటే మిగతావాళ్లు పెదాలు కదిపితే చాలనేవారు. సోమవారం షాపులో తిట్లు అందుకున్నా అంతే.

పైడిరాజు మంచి పనివాడు, మంచి మనిషి. బతుకంతా ఆ వెలుగు చూసీ చూసీ కళ్లలో శుక్లాలు వచ్చాయి. చెబితే నంబరు పోతుంది, నంబరు పోతే పని పోతుంది. ఒకరోజు చెవి సగం అతికించి, చేతిలో వెల్డింగు హోల్డరు కింద పెట్టేశాడు. “తల్లీ రోజమ్మా, గీత కనబడతం లేదు. మిగతాది నువ్వు లాగెయ్యవా” అన్నాడు. ఆవిడ లాగింది. పైడిరాజు అతుకు మీద బొటనవేలు పెట్టి తడిమి, పక్కన మూడు కొట్టాడు. త్రినాధరావుగారు చూశారు. పని బాగుంది కాబట్టి చూడనట్టు ఊరుకున్నారు. అదే అలవాటైపోయింది. ఏడాది పైగా చెవులన్నీ ఆవిడ అతికించడం, మూడు ఆయన కొట్టడం.

రోజలిన్‌కి అది మింగుడు పడలేదు. పంచ్ కొట్టే చప్పుడు వినబడితే చాలు, చేతిలో ఏముంటే అది కింద పడేసేది. ఓ రోజు ఓనరుగారి గది ముందుకే పోయి నిలబడింది.

“పని నాది, నంబరు బాబాయిదీనా సార్? సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టుంది. నాకూ టెస్టు పెట్టించండి.”

“ఆడమనిషి అతికించిందంటే గ్యాసు కంపెనీవాళ్లు బుట్ట ముట్టుకోరమ్మా. నీ మంచికే చెప్తున్నాను” అన్నారాయన.

“ఆళ్లని అడిగేరా?”

“అడగక్కర్లేదు. నాకు తెలుసు.”

“అడక్కుండా తెలిసేది బయం సార్, తెలివి కాదు.”

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఆయన మొహం మాడిపోయింది. “సరే, వచ్చే ఆర్డరుకి చూద్దాంలే” అన్నారు. ఆ వచ్చే ఆర్డరు ఎన్నిసార్లు వచ్చి వెళ్లిందో నేనెరుగుదును, నా పసుపు డబ్బాలు ఎరుగును.

శలవు మీద వచ్చినప్పుడల్లా బెన్‌హర్ అక్కకి క్యారేజీ పట్టుకుని షాపుకి వచ్చేవాడు. సముద్రం మీద సంగతులు అతను చెబితే వినాలి. బుట్టని లేపేటప్పుడు కొక్కెం తగిలించి వెనక్కి పరిగెత్తాలట. తడిసిన డెక్కు, కాలు జారుతుంది. పడవ అల మీదికి లేచిన క్షణంలో క్రేను లాగకపోతే బుట్ట ఒక్కసారి గుంజి, మళ్లీ పడవ మీదే మోదుతుందట. పైకి లేచాక గాలికి గిరగిరా తిరుగుతుంది. దానికి కట్టిన మోకులు పట్టుకుని ఇద్దరు మనుషులు కిందనుంచి అదుపు చేయాలి.

“సెవి పక్కన మూడు కనబడితే సాలు నూకరాజన్నా, మా అక్కే అని ఓపాలి సెయ్యేసి తడతాను” అన్నాడు.

“మీ అక్కకి మూడని పేరెట్టేర్రా మన అమ్మాబాబూ?” అంది రోజలిన్, అన్నం ముద్ద పళ్లెంలోనే వదిలేసి. బెన్‌హర్ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

ఆ ఏడు శ్రావణంలో వానలు పట్టుకున్నాయి. పడవ కాచుకునుందని ఓనరుగారు అందరి నెత్తి మీదా కూర్చున్నారు. పైపుల బుట్టకి నాలుగో చెవి అతికిస్తుంటే అది వేడికి కొంచెం పక్కకి ఒరుగుతున్నట్టు కనబడింది రోజలిన్‌కి. చెవి ఒరిగితే తాడు సూటిగా లాగదు. దళసరి ఉక్కుని ముందు వెచ్చబెట్టుకోవాలి, అతికించాక పొడి దుప్పటి కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి. ఆ రూలు ఆవిడకి తెలియకా కాదు. కానీ వంకర పోతున్న ఇనుముని చూడగానే లోపలున్న పెనాల మేస్త్రి కూతురు లేచింది. పక్కనే వానకి తడిసిన గోనె ఉంది. తీసి కప్పింది. బుసబుసమని ఆవిరి నా పెయింటు షెడ్డు దాకా వచ్చింది. చెవి నిటారుగా నిలబడింది. పైడిరాజు ఎప్పటిలాగే వేలితో తడిమి మూడు కొట్టాడు.

టెస్టు రోజున ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పేరున్న ఏజెన్సీ మనిషి, మాట తక్కువ. బుట్ట సముద్రంలో మోసేదానికి రెట్టింపు మీద ఇంకా ఎక్కువ బరువు నింపి, అద్దె క్రేనుతో లేపి గాల్లో పట్టుకున్నారు. బుట్ట తాపీగా దిగింది. హమ్మయ్య అనుకుని నేను కుంచె కడుక్కోవడానికి లేచాను. ఆ తర్వాతే అసలు పరీక్ష. చెవి చుట్టూ తెల్ల రంగు చిమ్మి, అయస్కాంతం పెట్టి, ఇనప పొడి కలిపిన నల్ల సిరా జల్లుతారు. పగులుంటే ఆ పొడి అక్కడికి చేరుతుంది.

మొదటి చెవి తెల్లగా ఉంది. రెండోదీ, మూడోదీ అంతే. నాలుగో చెవి అంచున వెంట్రుక లాంటి నల్ల గీత తేలింది. ఇన్‌స్పెక్టరు వేలు దానిమీదికి పోకముందే రోజలిన్ చూసేసింది. సుద్ద మీద కిరసనాయిలు గీత చూసిన కళ్లవి. ఆవిడ మొహం పాలిపోవడం నేను మొదటిసారి చూశాను.

“మూడు ఎవరు?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“నేనే బాబూ” అని పైడిరాజు ముందుకొచ్చాడు.

“ఎలా చల్లార్చావు దీన్ని?”

“రూలు పెకారమే సార్.”

“రూలు ప్రకారం చల్లారిస్తే ఈ పగులు రాదు. నీ కార్డు ఆపేస్తున్నాను.”

పైడిరాజు తల దించుకున్నాడు. ఓనరుగారు రోజలిన్ వైపు చూసి కళ్లతోనే నోరు మూసుకోమన్నారు. ఆయన లెక్క నాకర్థమైంది. ముసలాయన పోతాడు, షాపు మిగులుతుంది. నాకు ఒళ్లు మండిపోయింది. మండి ఏం లాభం, నేను నోరు తెరవలేదు. తెరిచింది ఆవిడ.

“ఆ సెవి నాది సార్.”

ఇన్‌స్పెక్టరు అటు తిరిగాడు.

“తడిగోనె ఏసేను. ఒరిగిపోతందని ఏసేను. మా నాన్న పెనాలకి అలాగే ఏసీవోడు. పెనానికి పనికొచ్చింది, దీనికి రాలేదు. బాబాయికి దీని సంగతే తెల్దు.”

“ఆవిడ హెల్పరు సార్, ఏదో కంగారులో...” అని ఓనరుగారు అడ్డం వచ్చారు.

“నీ నంబరెంత?” అని అడిగాడు ఇన్‌స్పెక్టరు, ఓనరుగారి మాట విననట్టే.

“నాకు నంబరు నేదు. అడిగితే వచ్చే ఆర్డరుకి ఇత్తామంటారు. యేడాది బట్టి మూడు కొట్టిన సెవులన్నీ నేనే అతికించేను. ఈ పగిలింది నాదైతే పగలనియ్యీ నాయే. రాసుకుంటే రెండూ రాసుకోండి. తప్పొక్కటే నాకిచ్చి, పనంతా ఇంకొకరికి ఇత్తానంటే ఒప్పుకోను.”

ఇన్‌స్పెక్టరు పుస్తకం తీసి రాసుకున్నాడు. మెచ్చుకుంటాడేమోనని ఎదురుచూశాను. మెచ్చుకోలేదు. నంబరు లేని మనిషి చేత చెవులు అతికించినందుకు షాపుని చెడామడా దులిపాడు. యార్డులో మూడు అంకె ఉన్న బుట్టలన్నీ, సముద్రంలో ఉన్నవి కూడా వెనక్కి రప్పించి, మళ్లీ పరీక్షించాలన్నాడు. అప్పటిదాకా ఒక్క బుట్టా కదలడానికి వీల్లేదు. న్యాయంగా చెప్పాలంటే ఆయన చెప్పింది సబబే.

ఆయన జీపు గేటు దాటిందో లేదో ఓనరుగారు విరుచుకుపడ్డారు. “నా కొంప కూల్చావు కదే” అన్నారు.

“షాపు కూలితే మల్లీ కట్టుకుంటారు బాబూ. బుట్ట కూలితే కింద మా తమ్ముడుంటాడు” అంది రోజలిన్.

రేపటినుంచి రావద్దన్నారు. ఆటో వచ్చేదాకా ఆవిడ నా షెడ్డులో డబ్బా మీద కూర్చుంది. “అన్నా, నంబరంటే నలుగురూ మెచ్చుకోడానికి అనుకున్నానింతకాలం” అంది. “కాదు. తప్పొత్తే ఎవుల్ని పట్టుకోవాలో తెలియడానికి. మరింక నాకది కావలిసిందే. నన్ను పట్టుకోండి. బాబాయిని పట్టుకోడవేటి?”

మర్నాడు పొద్దున్నే యథాప్రకారం ఆటో వచ్చింది. రావద్దన్నారు కదా అని వాచ్‌మాన్ అడ్డుపడితే, “రావద్దన్నది ఆయన మాట, వచ్చింది నా కాళ్లు” అని లోపలికి వచ్చి, వెల్డింగు చేసే జాగా ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. నెత్తిమీద హుడ్డు, చేతికి గ్లౌజులు. పని చెయ్యలేదు, లేవమన్నా లేవలేదు. మధ్యాహ్నం నేను టీ ఇస్తే తాగింది. మరుసటి రోజూ అంతే. ఓనరుగారు బయటి మేస్త్రీలని పిలిస్తే, ఆ గొడవ తేలేదాకా మేం రామన్నారు. మా పాత వెల్డర్లు చూస్తే ఒకటో నంబరు దుబాయిలో, రెండో నంబరు విశాఖ షిప్‌యార్డులో.

ఈలోగా యార్డులో ఉన్న మూడో నంబరు చెవులన్నిటికీ తెల్ల రంగు చిమ్మారు. ఒక్కదానికీ గీత తేలలేదు. సముద్రం నుంచి వచ్చినవీ తెల్లగానే తేలాయి. నేను ప్రతి బుట్ట దగ్గరికీ పోయి, ఆవిడ వినేలా “ఇది తెల్లగా ఉంది” అని అరిచి వచ్చేవాణ్ణి. ఓనరుగారు పళ్లు నూరారు. నూరుకోనీ.

చివరికి ఆయన పైడిరాజుని పిలిచారు. కళ్లు ఆపరేషన్ చేయించుకుని మళ్లీ టెస్టు పాసవ్వమన్నారు. ఆ తర్వాత సంగతి పాత పద్ధతిలోనే చూసుకుందాం అన్నారు. పాత పద్ధతి అంటే ఏమిటో షాపులో అందరికీ తెలుసు. బతుకంతా ఆ షాపులో ఎదురుమాట్లాడని మనిషి పైడిరాజు.

“కళ్లు బాగవుతే నా సెవులు నేనే అతికిత్తాను బాబూ. బాగవకపోతే నా నంబరు నాతోనే పోతాది. అరువియ్యను. ఆ పిల్లకి దానిది ఇయ్యండి” అన్నాడు.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టయింది ఓనరుగారి పని. రోజలిన్‌కి టెస్టు పెట్టమని ఇన్‌స్పెక్టరుకి కబురు పెట్టారు.

టెస్టులో మొదటి ప్లేటు వంచితే పగిలింది. నిజం దాచను. కోపం మీద కూర్చుంది, తొందరపడింది. పగిలిన ముక్కని చేతిలోకి తీసుకుని తిరగేసి చూసి, “సిగ్గునేదే నీకు” అంది. తిట్టింది ప్లేటునో తననో నాకు తెలీదు. మళ్లీ రావడానికి ఇన్‌స్పెక్టరు వారం గడువిచ్చాడు. ఆ వారం పైడిరాజు పక్కన కూర్చుని, చూపు ఆనకపోయినా చప్పుడు విని చెప్పేవాడు, వేడి ఎక్కువైందనో, చెయ్యి పరిగెడుతోందనో. తడిగోనెల్ని నేనే ఏరి గేటు బయట పారేశాను. రెండోసారి వంచిన ప్లేట్లలో ఒక్కటీ పగల్లేదు.

అక్కడ కూడా ఓనరుగారు ఒక మెలిక పెట్టబోయారు. “కొత్త నంబరంటే కంపెనీవాళ్లు ఆరా తీస్తారు. ఆ మూడే వాడుకోమ్మా, ఎవరూ అడగరు” అన్నారు.

“అడగాల. అడిగితే నేను సెప్తాను” అంది రోజలిన్.

నాలుగు ఇచ్చారు. పగిలిన చెవిని కోసి తీసేసి, అదే మూల కొత్తది అతికించింది. ముందు వెచ్చబెట్టింది, తర్వాత పొడి దుప్పటి కప్పి, పూర్తిగా చల్లారేదాకా పక్కనే కూర్చుంది. అప్పుడు పంచ్ అందుకుంది. ఒకే దెబ్బ. ఆ చప్పుడుకి ఈసారి ఏదీ కింద పడలేదు.

రంగు వేసేటప్పుడు ఓనరుగారు నా దగ్గరికి వచ్చి, “ఆ మూల కాస్త దట్టంగా వెయ్యి నూకరాజూ” అని నెమ్మదిగా అన్నారు. అలాగే అని తల ఊపాను. ఆయన వెళ్లాక అంకె మీద గ్రీజు రెండింతలు పూశాను. రంగు ఆరాక తుడిచేసి, దాని చుట్టూ సన్నటి కుంచెతో నల్లగా గీత గీశాను, బోర్డు మూల సంతకానికి గీసినట్టు. ఎన్నాళ్లకో నా చేతికి నిజమైన పని దొరికినట్టయింది.

బుట్టలు ఎంచుకోవడానికి కంపెనీ మనిషి వచ్చాడు. రంగు నిగనిగలాడుతున్న వాటిని పక్కకి పెట్టించి, ఒక్కో దాని మీద కొట్టిన వివరాల రేకు దగ్గరికి వెళ్లాడు. ఎంత బరువు మోస్తుంది, టెస్టు ఎప్పుడు జరిగింది, తాళ్లకి వేసిన నంబరు బిళ్లలు సరిపోతున్నాయా అని చూశాడు. అడుగున చిల్లుల్లోకి చెయ్యి పెట్టాడు. రోజలిన్ అతికించిన చెవి దగ్గర ఆగి అంకె చూశాడు. ఓనరుగారి నుదుట చెమట పట్టింది. ఆ మనిషి తన పైపు పొడుగెంతో, బుట్ట పొడుగెంతో కొలుచుకుని, “ఇది పంపించండి” అన్నాడు. నాలుగు ఎవరని అడగనే లేదు.

వినాయక చవితి వెళ్లాక ఒకనాడు రోజలిన్ ఫోను మోగింది. పడవ ఒడ్డు దగ్గరికి వచ్చి సిగ్నల్ అందినట్టుంది. ఆవిడ చేతికి గ్లౌజులుండడంతో నేనే నొక్కి చెవి దగ్గర పెట్టాను. బెన్‌హర్ గొంతు నాకూ వినబడుతోంది.

“అక్కా, నాలుగొచ్చింది. సెయ్యేసి తట్టేను. ఎవులో దాని సుట్టూ గీత కూడా గీసేరు.”

“తట్టితే తట్టేవు గానీ, అది లేచినప్పుడు కింద నిలబడకు.”

“నీదే కదక్కా.”

“నాదే” అంది రోజలిన్. “అందుకే సెప్తన్నాను.”